బుకింగు కిటికీ వెనుక

నేను 22 సంవత్సరాలు ఒక సినిమా హాలులో టిక్కెట్లు అమ్మి నా పిల్లలను పెంచాను అని చెబితే, ఈ పత్రిక చదివే ప్రియులలో కొందరికి కష్టంగా ఉండవచ్చు. మా సంఘంలోనూ చాలామందికి కష్టంగానే ఉండేది. అయితే ఆ పని గురించి ఎవరైనా వ్రాయగా నేను చదవలేదు. సినిమా తీసినవారి గురించి వ్రాస్తారు, ఆడినవారి గురించి వ్రాస్తారు, అసలు చూడనే కూడదని చెప్పేవారు కూడా వ్రాస్తారు. గోడలో జానెడు కంత వెనుక కూర్చుని చిల్లర లెక్కపెట్టేవాని సంగతి ఎవరికి కావాలి? పల్లెల్లో ఉండే మన కుటుంబాలవారికి కావాలనే నా నమ్మకం. ఎందుకంటే ఆ కంతలో చేయి పెట్టినవారిలో మనవారే ఎక్కువ.

మాది గుంటూరు జిల్లాలో కాలువల వైపు ఒక చిన్న పట్టణం. మా నాన్నగారు మిషను బడిలో పంతులుగా పనిచేసి, నేను ఇంటరు ముగించిన సంవత్సరమే ప్రభువు నందు నిద్రించారు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు. రైసు మిల్లు షావుకారు గారికి ఒక సినిమా హాలు కూడా ఉండేది. మిల్లులో బస్తాల లెక్క వ్రాయడానికి వెళ్ళిన నన్ను, కూడికలు తప్పు పోవడం లేదని, హాలుకు పంపారు. అది 1978 జూన్. జీతం నెలకు 120 రూపాయలు.

ఈనాటి పిల్లలకు ఆ హాలు ఎలా ఉండేదో చెప్పాలి. తెర ముందు నేల, అంటే నిజంగా నేలే. దాని వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు, మెట్లెక్కి వెళితే బాల్కనీ. నేల 75 పైసలు, బెంచీ రూపాయి పావలా, కుర్చీ 2 రూపాయలు, బాల్కనీ 3 రూపాయలు. ఆడవారికి నేలకూ బెంచీకీ వేరే కిటికీ. సాయంత్రం మైకులో ఘంటసాల గారి "నమో వెంకటేశా" వేస్తే బుకింగు తెరవబోతున్నారని చుట్టుప్రక్కల ఊళ్ళకు గుర్తు. మా గుడిలో స్త్రీల సమాజం కూడిక కూడా ఆ పాట వినబడగానే ముగించేవారని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. పాట కోసం కాదు, దీపాలు పెట్టే వేళయిందని.

బుకింగు గది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన రేకు. ఎండాకాలం మొదటి ఆటకు లోపల కూర్చుంటే చొక్కా పిండుకోవలసి వచ్చేది. కిటికీ అంటే ఇనుప ఊచల మధ్య అర్ధచంద్రాకారపు కంత మాత్రమే. అవతల మనిషి ముఖం కనబడదు. ఇటు నా ముఖమూ వారికి కనబడదు. చేయి వస్తుంది, డబ్బు పెడుతుంది, టిక్కెట్టు పట్టుకొని వెళ్ళిపోతుంది. కొత్త సినిమా రోజున ఒకే కంతలో మూడు చేతులు దూరేవి. ఏ చేతిలో డబ్బు తీసుకున్నామో ఆ చేతిలోనే టిక్కెట్టు పెట్టాలి. తప్పితే బయట కొట్టుకుంటారు.

కొంతకాలానికి నేను చేతులను బట్టి మనుషులను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. నాట్లు వేసే రోజుల్లో ఆడవారి వేళ్ళు నానిపోయి తెల్లగా ముడుతలు పడి ఉంటాయి. మిరపకాయలు కోసే కాలంలో నోట్లు చేతికి తగిలి, ఆ చేయి మరచిపోయి కంటికి పెట్టుకుంటే ఇక ఆ రాత్రంతా మంటే. చెప్పులు కుట్టేవారి బొటనవ్రేలు, బీడీలు చుట్టేవారి గోరు, నేత పనివారి మెత్తని అరచేయి, అన్నీ తెలిసేవి. చీర కొంగు ముడి విప్పి ఇచ్చిన నోటు నాలుగు మడతలు పడి వెచ్చగా ఉంటుంది.

ఇక లెక్క సంగతి. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క రంగు కాగితం, వరుస నంబర్లు. ఆట మొదలు కాకముందు మొదటి నంబరు వ్రాసుకోవాలి, బుకింగు మూసిన తరువాత చివరి నంబరు వ్రాయాలి. 401 నుండి 655 వరకు అమ్మితే ఎన్ని టిక్కెట్లు? తొందరలో 254 అంటారు. కాదు, 255. ఆ ఒక్క టిక్కెట్టు డబ్బు జీతంలో కోత పడుతుంది. అందుకే అమ్మిన చివరి నంబరు కాక, ఇంకా అమ్మవలసిన నంబరు వ్రాసే అలవాటు చేసుకున్నాను. 656లోనుండి 401 తీసివేస్తే ఇక తప్పు రాదు. ఈ అంకెలన్నీ డి.సి.ఆర్. అనే రోజువారీ వసూళ్ళ కాగితంలో ఎక్కుతాయి. విజయవాడ గాంధీనగరంలోని పంపిణీ ఆఫీసు నుండి సినిమా పెట్టెతో పాటు ఒక రిప్రజెంటేటివు వచ్చి లాడ్జిలో దిగేవాడు. ప్రతి ఆటకు నా ప్రక్కన నిలబడి నంబర్లు చూచి సంతకం చేసేవాడు. వారిలో కొందరు మంచివారు, కొందరు ఉచితంగా కాఫీ త్రాగడానికే వచ్చినవారు.

పన్ను కూడా చెప్పాలి, ఎందుకంటే టిక్కెట్టు ధరలో అది పెద్ద భాగం. 1983 చివరి వరకు అమ్మిన ప్రతి టిక్కెట్టుకు ఇంత అని పన్ను. 1984 జనవరి 1 నుండి పద్ధతి మారింది. ఎందరు వచ్చారన్నది కాదు, హాలు పూర్తిగా నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తాన్ని బట్టి పన్ను కట్టాలి. స్లాబు పద్ధతి అనేవారు. హాళ్ళవారు దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు గాని 1993లో తీర్పు ప్రభుత్వం పక్షాన వచ్చింది. వానాకాలం రెండో ఆటకు 14 మంది వచ్చి కూర్చున్నా లెక్క మాత్రం 600 కుర్చీలకే. షావుకారు గారు వాన పడితే వరి పంట వంక చూచి సంతోషించేవారు, హాలు వంక చూచి నిట్టూర్చేవారు.

ఆ 14 మందిలో ఒక స్త్రీ తప్పక ఉండేది. వారానికి మూడు నాలుగు రాత్రులు, రెండో ఆటకు, ఒక్కటే నేల టిక్కెట్టు. అదే సినిమా మూడు వారాలు ఆడినా వచ్చేది. మొదట నేను సినిమా పిచ్చి అనుకున్నాను. గేటు దగ్గర ఉండే పెద్దాయన ఒకనాడు చెప్పాడు: "ఆవిడ సినిమా చూడదురా అబ్బాయ్. గోడవారగా కొంగు పరచుకుని పడుకుంటుంది. మొగుడు తాగి పడిపోయేదాకా ఇంటికి వెళ్ళకుండా." ఆ టిక్కెట్టు ఆమెకు మూడు గంటల నిద్ర. ఆమె చేతి మణికట్టు మీద కాలిన మచ్చ ఉండేది. నేను ఈ సంగతి మా సంఘ కాపరి గారి భార్య, అమ్మగారికి చెప్పాను. హాలులోని మాట గుడిలో చెప్పడం అదే మొదటిసారి. అమ్మగారు ఏమీ అనలేదు. వెళ్ళి ఆమెను కలుసుకొన్నారు. ఒక సంవత్సరం తరువాత ఆమె ఒక బోర్డింగు హాస్టలులో వంటపనికి కుదిరింది. ఆ తరువాత రెండో ఆటకు ఆ చేయి రాలేదు.

హాలులో పనిచేసేవానికి అన్నిటికంటె పెద్ద బాధ చిల్లర. అల్యూమినియం 5, 10 పైసల బిళ్ళలు ఆ రోజుల్లో ఎంత ఉన్నా చాలేవి కావు. చిల్లర లేదని పిప్పరమెంటు చేతిలో పెట్టే బుకింగు వాళ్ళను నేను చూచాను. పావలా తిరిగి వస్తుందని ఆశపడిన పిల్లవాడికి పిప్పరమెంటు ఇచ్చి పంపడం నాకు రుచించేది కాదు. బస్సు కండక్టర్లను అడిగేవాణ్ణి, కూరగాయల బజారులో అడిగేవాణ్ణి. చివరికి మా సంఘ ట్రెజరరు గారే ఒక మార్గం చూపించారు. ఆదివారం కానుక సంచిలో పడేదంతా చిల్లరే. బ్యాంకులో గుమాస్తా ఆ మూట చూడగానే ముఖం త్రిప్పుకునేవాడట. అందుచేత సోమవారం ఉదయం ఆయన 40, 50 రూపాయల బిళ్ళలు గుడ్డ సంచిలో తెచ్చేవారు, నేను నోట్లు ఇచ్చేవాణ్ణి. ఒక 10 పైసల బిళ్ళ అంచు ఎవరో కొరికినట్లు విరిగి ఉండేది. శనివారం రాత్రి నేను చిల్లరగా ఇచ్చిన ఆ బిళ్ళ సోమవారం ఉదయం కానుక సంచిలో తిరిగి నా దగ్గరికి వచ్చింది. అలా మూడుసార్లు వచ్చింది. ఇప్పుడు ఆ బిళ్ళలు ఎక్కడా లేవు. 2011 జూన్ 30తో పావలా కూడా చెల్లకుండా పోయింది.

ఈ మార్పిడి సంగతి బయటపడింది. దేవుని సొమ్ము సినిమా హాలుకు పోతున్నదని ఒకరు, అసలు హాలులో పనిచేసేవానికి ప్రభు రాత్రి భోజనం ఇవ్వవచ్చునా అని మరొకరు, పెద్దల కూడికలో లేవనెత్తారు. నన్ను పిలిపించారు. మా అయ్యగారు నెమ్మదైన మనిషి. ఏం పని చేస్తావో వివరంగా చెప్పమన్నారు. నంబర్లు, చిల్లర, సంతకాలు అన్నీ చెప్పాను. "మత్తయి కూర్చున్నది కూడా ఇటువంటి చోటనే గదా, సుంకపు మెట్టు దగ్గర" అన్నారు అయ్యగారు. అప్పుడు మా సంఘంలో పెద్ద, చెరకు గానుగలో చిటికెనవ్రేలు పోగొట్టుకున్న ఆయన, లేచి నిలబడి, "అవునండీ, కాని ప్రభువు పిలవగానే మత్తయి లేచి వెళ్ళిపోయాడు. ఈ అబ్బాయి లేవడం లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాటలో న్యాయం ఉంది.

అయ్యగారు కాసేపు ఆలోచించి, యోహాను దగ్గరికి బాప్తిస్మానికి వచ్చిన సుంకరుల సంగతి జ్ఞాపకం చేశారు. యోహాను వారిని ఆ పని మానుకొమ్మనలేదు. లెక్క ప్రకారం రావలసినంతే తీసుకోమన్నాడు. "నీ టిక్కెట్టు మీద వేసిన ధర కంటె ఒక పైసా ఎక్కువ తీసుకున్న రోజున నీవే వచ్చి నాకు చెప్పు. అంతవరకు బల్ల దగ్గరికి రా" అన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు గాని ఊరుకున్నాడు. ఏది సరి అని నన్నడిగితే, ఇద్దరి మాటా సరియే అంటాను. వేరే పని దొరికి ఉంటే నేను లేచి ఉండేవాణ్ణేమో. దొరకలేదు.

మరుసటి సంవత్సరం ఎండాకాలంలో "కరుణామయుడు" మా ఊరికి వచ్చింది. 1978 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రంలో విజయచందర్ గారు క్రీస్తు పాత్ర ధరించారు. దర్శకుడు ఎ. భీంసింగ్ గారు విడుదల చూడకుండానే ఆ సంవత్సరం ఆరంభంలో కన్నుమూశారు. తరువాతి కాలంలో సువార్త బృందాలవారు ఆ చిత్రాన్నే పల్లె పల్లెకు తీసుకువెళ్ళి గుడ్డ తెర కట్టి చూపించారు గనుక చదువరులలో చాలామంది చూచే ఉంటారు. కాని హాలులో వచ్చినప్పటి సంగతి వేరు. జీవితంలో హాలు గడప తొక్కనివారు వచ్చారు. ఎడ్లబండ్లు కాలువ గట్టు దాకా నిలిచిపోయాయి. అన్నం మూటలతో వచ్చారు, పసిపిల్లలతో వచ్చారు, రాత్రి హాలు ఆవరణలోనే పడుకుని తెల్లవారి వెళ్ళారు. గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళుతుంటే, వద్దు పోతాయి అని గేటు పెద్దాయన మొత్తుకున్నా వినలేదు. ఆడవారు లోపల కొంగు తలమీద కప్పుకొని కూర్చున్నారట. సిలువ ఘట్టం వచ్చినప్పుడు ఏడ్పు నా గదిలోకి వినబడేది.

రెండవ రోజు మొదటి ఆటకు నా కంతలో ఒక చేయి వచ్చింది. పది రూపాయల నోటు. చిటికెనవ్రేలు లేదు. "అయ్యా, నాలుగు కుర్చీ ఇప్పించండి" అని గొంతు. ఆయన నాకు తండ్రి వయస్సువాడు. ఏనాడూ నన్ను "ఒరే" తప్ప అయ్యా అన్నవాడు కాదు. నేను నాలుగు టిక్కెట్లు చింపి, రెండు రూపాయలు తిరిగి ఇచ్చాను. మాట్లాడలేదు. నా గొంతు వింటే లైనులో నిలబడిన ఆ పెద్దమనిషి చిన్నబోతాడని.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు గోడ వంక చూచాడు. తరువాత అన్నాడు: "ఒరే, ఆ కిటికీ బయట ఒక బల్బు పెట్టించమని మీ షావుకారుతో చెప్పరా. చిల్లర ఎంతిచ్చావో చీకట్లో కనబడి చావడం లేదు." షావుకారు గారితో చెప్పి బల్బు పెట్టించాను. ఆ తరువాత ఆ పెద్దాయన మత్తయి మాట ఎత్తలేదు.

అయ్యగారు చెప్పిన ఒక్క పైసా మాట నాకు అసలు పరీక్షగా వచ్చింది 1986 సంక్రాంతికి. పెద్ద హీరో సినిమా. మధ్యాహ్నం నుండే మూడు ఊళ్ళ జనం ఎండలో నిలబడ్డారు. బుకింగు తెరిచే ముందు మేనేజరు గారు లోపలికి వచ్చి, "అబ్బాయ్, కుర్చీ క్లాసు రెండు పుస్తకాలు ఇటివ్వు. మూడు రోజులూ ఇంతే" అన్నారు. రెండు పుస్తకాలంటే 200 టిక్కెట్లు. బయట బ్లాకు కుర్రవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. 3 రూపాయల టిక్కెట్టు 10 రూపాయలకు పోతుంది. లెక్కలో ఎక్కడా తేడా రాదు, ఎందుకంటే నా డబ్బాలో టిక్కెట్టుకు 3 రూపాయల చొప్పున పడనే పడుతుంది. ఆ పైన మిగిలిన 7 ఏ కాగితం మీదా ఉండదు. నా వాటా రోజుకు 50 రూపాయలు అన్నారు. అప్పటికి నా నెల జీతం 350.

"సార్, లైనులో ఉన్నవాళ్ళకు ఇచ్చాక మిగిలితే తీసుకోండి" అన్నాను. ఆయన నవ్వుతున్నాననుకొన్నారు. నేను కిటికీ తలుపు తీసి నంబరు వరుసన అమ్మడం మొదలుపెట్టాను. జనం ముందు నా చేతిలోని పుస్తకం లాక్కోలేరు గదా. చివరి టిక్కెట్టు వరకు కంతలోనుండే పోయాయి. మరునాడు ఉదయం నన్ను సైకిలు స్టాండుకు మార్చారు. జీతంలో 100 రూపాయలు తగ్గించారు. అప్పుడు నా భార్య రెండవ కాన్పుకు సిద్ధంగా ఉంది.

ఇందులో నన్ను మెచ్చుకోవలసినది ఏదో ఉన్నదని చదువరులు అనుకోవద్దు. లైనులో టిక్కెట్టు దొరికినవారికి ఆ సంగతే తెలియదు. దొరకనివారు నన్ను తిట్టుకుంటూ వెళ్ళారు. ఆ బ్లాకు కుర్రవాళ్ళలో ఒకడు మా పాలెం వాడే, సండే స్కూలులో నా ప్రక్కన కూర్చున్నవాడు. ఆ రోజు అమ్ముకోవడానికని వడ్డీకి 60 రూపాయలు తెచ్చి మేనేజరు మనిషికి ముందుగా కట్టాడు. అది తిరిగి రాలేదు. అతని భార్య మా ఇంటికి వచ్చి నా భార్య దగ్గర కూర్చుని ఏడ్చింది. "మీ ఆయన ధర్మం మా పొయ్యి ఆర్పింది అక్కా" అన్నది. నా భార్య ఆమెకు రెండు శేర్ల బియ్యం ఇచ్చి పంపింది. ఆ మాటకు జవాబు నాకు అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచదు.

సైకిలు స్టాండులో నాలుగు నెలలు ఉన్నాను. సీటు మీద సుద్దతో నంబరు వేయడం, టోకెను ఇవ్వడం. గాలి బాగా ఆడేది, అది ఒక్కటే సుఖం. ఇంతలో నా స్థానంలో కూర్చున్న మనిషి లెక్కలు రెండు సినిమాలకు కలవలేదు. విజయవాడ నుండి వచ్చే రిప్రజెంటేటివులలో ఒకాయన, పాత మనిషి ఉంటేనే మా పెట్టె ఇస్తాం అని షావుకారు గారికి చెప్పాడట. నన్ను మళ్ళీ ఆ రేకు గదిలోకి పంపారు. మేనేజరు గారు అటు తరువాత నన్ను పుస్తకాలు అడగలేదు. బ్లాకు మాత్రం ఆగలేదు, బాల్కనీ కిటికీ వైపు నుండి సాగింది. ఆ కిటికీ నాది కాదు.

1987లో ఆదివారం ఉదయాలు దూరదర్శనులో రామాయణం మొదలైనప్పుడే జనం పలచబడడం చూచాము. తరువాత కేబులు టీవీ వచ్చింది. నేల తీసివేసి బెంచీలు వేశారు, బెంచీలు తీసివేసి కుర్చీలు వేశారు, కుర్చీల్లో కూర్చునేవారు రాలేదు. 2000లో హాలు మూతపడింది. నాకు లెక్క కట్టి ఇవ్వవలసినది షావుకారు గారి కుమారులు ఇచ్చారు. నేను ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేరాను. ఆ తరువాత టిక్కెట్ల సంగతులు పేపరులో చదవడమే. 2021లో ప్రభుత్వం పంచాయతీలలో ఏ.సి. లేని హాళ్ళకు చివరి తరగతి ధర 5 రూపాయలని నిర్ణయించి, మరుసటి సంవత్సరం దానిని మార్చింది. ఇప్పుడు నా మనుమడు సెల్‌ఫోనులో వ్రేలితో నొక్కి గుంటూరులో సీటు తీసుకుంటాడు. చిల్లర బాధ లేదు. టిక్కెట్టు ధర మీద ఇంకొంత రుసుము వేస్తారని వాడే చూపించాడు. దానిని ఏమంటారు తాతయ్యా అని అడిగాడు. మా రోజుల్లో దానికున్న పేరు చెబితే వాడు నమ్మలేదు.

హాలును ఫంక్షను హాలుగా మార్చారు. తెర ఉన్నచోట పెండ్లి వేదిక. మూడు సంవత్సరాల క్రితం మా సంఘంలోని ఒక అమ్మాయి వివాహం అక్కడే జరిగింది. కట్నకానుకలు చదివించేవారు నా పాత బుకింగు గదిలో కూర్చున్నారు. ఊచలు తీసివేశారు గాని కంత అలాగే ఉంది. నేను వరుసలో నిలబడి, నా వంతు వచ్చినప్పుడు 200 రూపాయలు లోపలికి పెట్టాను. ఒక కుర్రవాడు వంగి నా ముఖం చూచి, "తాతగారూ, పేరు చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు, అన్నీ పుస్తకంలో వ్రాసుకున్నాడు. వెనుక నిలబడినవారు త్వరగా కానివ్వమని తొందర పెడుతున్నారు.